మంచం పక్కన స్టూలు వేసుకోవడం ఎవరు నేర్పాలి?

విశాఖపట్నంలో ఎంబీబీఎస్‌లో చేరిన విద్యార్థి చదువులో భాగంగా ముట్టుకునే మొదటి మనిషికి ప్రాణం ఉండదు. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీలోనూ అంతే, ఆ తర్వాత నగరం చుట్టూ వెలసిన ప్రైవేటు కాలేజీల్లోనూ అంతే. ఎనాటమీ డిసెక్షన్ హాలులో ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతుంటే ఒక టేబుల్ చుట్టూ గుంపుగా నిలబడతారు. టేబుల్ మీదున్న శరీరం సిగ్గుపడదు. నొప్పి అనదు. "ఇందాకే ఇంకో బాబు చూసెళ్ళాడు కదా" అని విసుక్కోదు. ఏడాదిపాటు ఇలాంటి మనిషితో గడిపిన కుర్రవాణ్ణి, ఆ తర్వాత పక్కనున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) లాంటి చోట వార్డుల్లోకి పంపిస్తారు. అక్కడి మంచాల మీద ఉన్నవాళ్ళు ఇవన్నీ చేస్తారు.

డిసెక్షన్ హాలు దాకా రావడానికి ముందు రెండు మూడేళ్ళు ఆ విద్యార్థి బతికింది ఎక్కువగా రెసిడెన్షియల్ కాలేజీ గదుల్లో. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు, అందులో ఒకటే సరైనది. ఈ పద్ధతిలో ఆరితేరినవాళ్ళకే సీటు. పండక్కి ఇంటికి రాకుండా, చావుకీ పెళ్ళికీ వెళ్ళకుండా, ఇంట్లో జబ్బుపడిన అమ్మమ్మ దగ్గర ఒక పూట కూడా కూర్చోకుండా చదివిన పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ళకు మనసు లేదనడం అన్యాయం. మనుషుల మధ్య మసలే సాధన లేదంతే.

ఈ లోటు పైవాళ్ళకు తెలియంది కాదు. అప్పటి భారత వైద్య మండలి వైఖరి, నైతికత, సంభాషణ అనే మూడు అంశాలతో 2018లో ఒక పాఠ్యక్రమం తయారుచేసింది. వాటి ఇంగ్లీషు పేర్ల అక్షరాలు కలిపి కాలేజీల్లో దాన్ని 'ఏట్‌కామ్' అంటారు. 2019 ఆగస్టులో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతా తప్పనిసరి అయింది. మొత్తం 27 మాడ్యూళ్ళు. మొదటి సంవత్సరానికి ఐదు: డాక్టరుగా ఉండటమంటే ఏమిటి, రోగిగా ఉండటమంటే ఏమిటి, ఇద్దరి మధ్య సంబంధం, సంభాషణకు పునాది, మొదటి గురువుగా మృతదేహం. దీనికి తోడు మొదట్లో నెల రోజులకు రూపొందించిన ఫౌండేషన్ కోర్సు, మొదటి ఏడాదిలోనే వార్డు చూపించే ఏర్పాటు, 2022 నుంచి కుటుంబాల దత్తత కార్యక్రమం. కాగితం మీద లోటేమీ లేదు. అదే ఏడాది వైద్య విద్యార్థుల చేత హిపోక్రటిస్ ప్రమాణం చేయించాలా చరక శపథం చేయించాలా అని దేశమంతా వాదించుకుంది. ఏ ప్రమాణమైనా చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత ఓపీలో ఏం జరుగుతుందన్న దాని మీద అంత వాదన జరగలేదు.

ఐదు మాడ్యూళ్ళలో మృతదేహం గురించిన పాఠం మీద కాస్త ఆగాలి. చాలా కాలేజీల్లో డిసెక్షన్ మొదలుపెట్టే రోజున విద్యార్థులు ఆ శరీరానికి నమస్కరించి, గౌరవంగా చూసుకుంటామని ప్రమాణం చేస్తారు. మంచి ఆచారమే. అయితే టేబుల్ మీదికి వచ్చే శరీరాలు రెండు దారుల్లో వస్తాయి. కొన్ని, బతికుండగానే దేహదానానికి సంతకం పెట్టినవాళ్ళవి. విశాఖలో దేహదానం గురించి ఏళ్ళ తరబడి ప్రచారం చేస్తున్న సంఘాలున్నాయి, మాట మీద నిలబడి తండ్రి శరీరాన్ని కాలేజీకి అప్పగించి వెళ్ళిన కుటుంబాలున్నాయి. మరికొన్ని, ఎవరూ వచ్చి తీసుకెళ్ళనివి. రైల్వే స్టేషన్ దగ్గరో, ఫుట్‌పాత్ మీదో, ఆసుపత్రి మంచం మీదో చనిపోయి, నా అన్నవాళ్ళు రాక, ఎనాటమీ చట్టం కింద కాలేజీకి చేరినవి. మొదటి రకం మనిషి 'సరే' అన్నాడు. రెండో రకం మనిషిని ఎవరూ అడగలేదు. పేదవాడు కాబట్టి, ఒంటరివాడు కాబట్టి అతని శరీరం చదువుకు పనికొచ్చింది. వైద్య నీతిలో మొట్టమొదటి ప్రశ్న, అంటే ఒప్పుకోలు ప్రశ్న, అక్కడే ఎదురుగా పడుకుని ఉంటుంది. ప్రమాణం చేయించి వదిలేయకుండా ఈ తేడా చెప్పి ఒక గంట మాట్లాడిస్తే పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఆశ్చర్యపోయేంత లోతుగా మాట్లాడతారు. ఆ వయసుకి ఆ శక్తి ఉంది. కొన్నేళ్ళు పోయాక అదే విద్యార్థికి ఆ ప్రశ్న తట్టకపోవడమే అసలు చిక్కు.

ఆ శక్తి పోయే తీరు మీద లెక్కలున్నాయి. అమెరికాలో జెఫర్సన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 456 మంది విద్యార్థులను చేరిన రోజు నుంచి చివరి ఏడాది దాకా 20 ప్రశ్నల కొలమానంతో పరిశీలించి 2009లో ఫలితాలు వెలువరించారు. మొదటి రెండేళ్ళు సహానుభూతి (ఎదుటి మనిషి బాధను అతని వైపు నుంచి అర్థం చేసుకోవడం) మార్కులు నిలకడగానే ఉన్నాయి. మూడో ఏడాదిలో పడిపోయాయి. అక్కడ రోగుల మధ్యకు వెళ్ళేది మూడో ఏడాదిలోనే. దీన్ని కొందరు గట్టిగానే విమర్శించారు: తగ్గుదల చిన్నదని, ఈ మార్కులు విద్యార్థి తన గురించి తాను చెప్పుకునేవే తప్ప రోగి చెప్పినవి కావని. ఆ అభ్యంతరంలో బలముంది. నేను చాలా దయగలవాణ్ణని కాగితం మీద రాసుకోవడానికి ఎవరికీ ఖర్చవదు. అయినా రోగులు లేనప్పుడు నిలబడి, రోగులు కనబడ్డాక జారిపోయే దాన్ని తరగతి గదిలో నింపే ప్రయత్నం ఎంతవరకు ఫలిస్తుందన్న సందేహం మిగులుతుంది.

అందుకే సహానుభూతిని భావంగా నేర్పబోతే కుదరదు, పనిగా నేర్పాలి. పెద్ద ప్రమాదం జరిగిన రోజున జాలి దానంతటదే పుడుతుంది. మామూలు మంగళవారం ఓపీలో, నూట ఇరవయ్యో రోగి ముందు పుట్టడమే కష్టం. రాత్రంతా డ్యూటీ చేసినవాడికి మనసు కరగమంటే కరగదు. కానీ పరీక్షించే ముందు తెర లాగడం, చెయ్యి వేసేముందు "చూడొచ్చా అమ్మా" అనడం, చల్లటి స్టెతస్కోపును అరచేతిలో రుద్ది పెట్టడం, నిలబడి కాకుండా స్టూలు లాక్కుని కూర్చోవడం, లేచేముందు "ఏమైనా అడగాలా" అనడం మొదటి వంద మంది రోగులతో అలవాటైతే నూట ఒకటో రోగి దగ్గర మనసు లేకపోయినా చెయ్యి ఆ పని చేస్తుంది. రోగికి కావలసింది చాలావరకు ఆ చెయ్యే.

ఇదంతా మర్యాద పాఠమని, వైద్యం వేరని అనుకునేవాళ్ళు డిపార్టుమెంట్లలో తక్కువేమీ కాదు. ఆ జెఫర్సన్ పరిశోధకులే 2011లో 29 మంది డాక్టర్ల దగ్గర వైద్యం పొందిన 891 మంది షుగరు రోగుల రికార్డులు చూశారు. సహానుభూతి మార్కులు ఎక్కువున్న డాక్టర్ల రోగుల్లో 56 శాతం మందికి షుగరు అదుపులో ఉంది. తక్కువున్న డాక్టర్ల దగ్గర 40 శాతం మందికే. ఒకటి మరొకదానికి కారణమని దీనితో తేలిపోదు. అయినా రోగి మందు వేసుకుంటున్నాడా మానేశాడా అన్నది నిజంగా చెప్పాలంటే, చెబితే తిట్టరన్న నమ్మకం ఉండాలి. "మాత్రలు అయిపోయి పదిహేను రోజులైంది, డబ్బుల్లేవు" అన్న మాట తిట్టే డాక్టరుకు దొరకదు. దొరక్కపోతే ఆయన డోసు పెంచుతాడు.

సమయం లేదన్న మాట నిజమే. 67 దేశాల లెక్కలు చూసిన 2017 నాటి అధ్యయనంలో ఒక రోగితో డాక్టరు గడిపే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. మన దేశం రెండు నిమిషాల దగ్గర ఉంది. కేజీహెచ్ లాంటి చోట, వెయ్యికి పైగా పడకలు, ఉత్తరాంధ్ర జిల్లాలతో పాటు ఒడిశా సరిహద్దు నుంచీ వచ్చే జనం, ఆ రెండు నిమిషాలు కూడా కొన్నిసార్లు విలాసమే. అయితే 1984లో ఒక అమెరికన్ పరిశీలన రోగి మాట మొదలుపెట్టిన 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నాడని చూపించింది. 2002లో స్విట్జర్లాండ్‌లో ఇంకొకరు, అడ్డు తగలకుండా వదిలేస్తే ఎంతసేపు మాట్లాడతారో చూశారు. సగటున 92 సెకన్లు. నాలుగింట మూడొంతుల మందికి పైగా రెండు నిమిషాల్లోపే ఆపేశారు. పొడుగ్గా చెప్పేది మన ఉత్తరాంధ్ర మనిషి అని, స్విస్ మనిషితో పోలికేమిటని అనొచ్చు. పొలం సంగతి, కోడలి సంగతి వచ్చే మాట నిజమే, కానీ ఆ కోడలి సంగతిలోనే మందులు ఎవరు తెచ్చిపెడుతున్నారో తెలుస్తుంది.

భాష సంగతి విశాఖలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆంధ్రా మెడికల్ కాలేజీలో 250 సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా. రాజస్థాన్ నుంచో కేరళ నుంచో వచ్చిన విద్యార్థికి తెలుగు రాదు. రాయలసీమ నుంచి వచ్చిన విద్యార్థికి తెలుగు వచ్చు, "గుండెల్లో ఏటోగుంది బాబూ, బేగి సూడు" అన్నది మాత్రం మొదటి వారం సగమే అర్థమవుతుంది. ఇక పాడేరు, ముంచంగిపుట్టు, పెదబయలు వైపు నుంచి, ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం వచ్చేవాళ్ళలో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ మాట తెలుగు వచ్చిన మేనల్లుడి నోటి ద్వారా డాక్టరుకు చేరుతుంది. ఒక స్త్రీ నెలసరి బాధ మేనల్లుడి ద్వారా ఎంత చేరుతుందో ఊహించుకోవచ్చు. ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని ఉంది. నేర్పేది పలకరింపు వాక్యాలు. కొండ మీది మనిషికి ఎదురు ప్రశ్న వేసే చొరవ ఉండదు, అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఆ తల ఊపును ఒప్పుకోలుగా రాసేసుకోకూడదని, చెప్పింది తిరిగి చెప్పించుకోవాలని నేర్పేందుకు భాషా పండితుడు అక్కర్లేదు. ఆరు నెలలు వార్డులో పనిచేసిన నర్సు చాలు. నర్సులను, ఆశా కార్యకర్తలను ఈ పాఠాలకు గురువులుగా పిలవడానికి కాలేజీలకు మొహమాటం ఎందుకో!

పిలుపు విషయం చిన్నదిగా కనిపిస్తుంది. అరవై ఏళ్ళ మత్స్యకారుణ్ణి ఇరవయ్యేళ్ళ విద్యార్థి "తాతా, ఎలా ఉంది నీకు" అంటే అందులో చనువుంది, ఎవరూ తప్పు పట్టరు. "ఏయ్ ముసలాయనా, పడుకో" అంటే తాత పడుకుంటాడు, అంతకుమించి ఇంకేమీ చెప్పడు. ఉదయం సర్కారు ఓపీలో అలా మాట్లాడే డాక్టరే సాయంత్రం ప్రైవేటు కన్సల్టేషన్‌లో అదే వయసు పెద్దమనిషిని "రండి సార్, కూర్చోండి" అనగలుగుతున్నాడంటే మర్యాద తెలియక కాదు. ఎవరికి ఇవ్వాలో నేర్చుకున్నాడు. ఆ నేర్పు ఏ మాడ్యూల్లోనూ లేదు.

పుస్తకంలో లేనిది, వార్డు నేర్పేది. హాఫర్టీ, ఫ్రాంక్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లోనే వైద్య విద్యలో దీన్ని దాగిన పాఠ్యక్రమం అన్నారు. తరగతిలో "రోగి మనిషి, వ్యాధి కాదు" అని చెప్పించుకున్న విద్యార్థి వార్డులోకి రాగానే వినేది "పన్నెండో బెడ్‌లో మంచి లివర్ కేసుంది, చూసి రండి" అని. చెప్పే పీజీ (ఎంబీబీఎస్ తర్వాత పై కోర్సు చదువుతున్న డాక్టరు) చెడ్డవాడు కాడు, జూనియర్ల మీద ప్రేమతోనే చెబుతున్నాడు. కానీ వినే విద్యార్థికి ఒక మనిషి లివర్ అయిపోవడం అప్పుడే మొదలవుతుంది. ఇరవై మంది వరసగా వెళ్ళి ఆయన పొట్ట నొక్కి వస్తారు. పదిమంది తర్వాత నొప్పి పెరుగుతుంది. పరీక్షల రోజుల్లో ఇది మరీ ఎక్కువ. ప్లీహం పెరిగినవాళ్ళు, గుండెలో మర్మర్ అనే అదనపు చప్పుడు వినిపించేవాళ్ళు పరీక్ష కేసులుగా కావాలి కాబట్టి వాళ్ళను ఉండమంటారు. రోగి కూడా పెద్ద డాక్టర్లతో ఎందుకు పేచీ అని, రేపు మందులివ్వరేమోనని ఉంటాడు. వాళ్ళు లేకుండా డాక్టర్లు తయారవరు, అందులో అనుమానం లేదు. కాబట్టి అడగాలి. ఒద్దనే హక్కు నిజంగా ఉండేలా అడగాలి. ఒద్దన్నా వైద్యం ఆగదని ముందే చెప్పి అడగాలి.

ఒప్పుకోలు విషయంలో చట్టం వార్డుకంటే ముందుంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది ఇది: పొట్టలోకి చూసే పరీక్షకు మాత్రమే ఒప్పుకున్న స్త్రీ మత్తులో ఉండగా, బయటున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి తీసేయడం చెల్లదు. మేజరై, తన నిర్ణయం తాను చెప్పగల మనిషి బదులు తల్లయినా సంతకం పెట్టకూడదు. మన ఇళ్ళ వ్యవహారం దీనికి ఎదురు. "ఆవిడకి క్యాన్సరని చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు" అని కొడుకు చేతులు జోడిస్తాడు. కొడుకు ప్రేమ అబద్ధం కాదు. తల్లి మాత్రం అప్పటికే వార్డులో పక్క మంచాలవాళ్ళ మాటలు విని సగం గ్రహించి ఉంటుంది, కొడుకు తట్టుకోలేడని ఆమె కూడా అడగదు. ఈ ఇద్దరి మధ్య నిలబడ్డ విద్యార్థికి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతి పనికిరాదు. ముందు తల్లిని "మీ జబ్బు గురించి మీకు ఎంత తెలుసుకోవాలనుంది? ఎవరితో మాట్లాడమంటారు?" అని అడగడం ఒక దారి. ఆమె "మావాడితోనే చెప్పండి" అంటే అది ఆమె నిర్ణయం. కొడుకు నిర్ణయానికీ దీనికీ ఆసుపత్రి కాగితాల్లో తేడా కనిపించదు, మనిషికి మాత్రం చాలా తేడా.

అన్నింటికంటే కఠినమైన పాఠశాల క్యాజువాల్టీ. పురుగుమందు తాగి వచ్చిన అమ్మాయికి కడుపు కడుగుతూ "చావాలనుకున్నదానివి ఇక్కడికెందుకొచ్చావ్" అనే మాట మన ఆసుపత్రుల్లో కొత్త కాదు. కొన్ని రకాల గడ్డిమందు తాగితే చాలామంది వెంటనే పోరు. రెండు మూడు రోజులు మెలకువగా, మాట్లాడుతూ ఉంటారు, బతకాలని ఉందంటారు, ఆలోగా కిడ్నీలు, ఊపిరితిత్తులు పాడైపోతుంటాయి. ఆ రెండు మూడు రోజులు ఆ మంచం దగ్గరికి వెళ్ళడానికి సీనియర్లే జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా లేదు. చట్టం క్షమించాక కూడా క్యాజువాల్టీ తీర్పు చెబుతోంది. చినవాల్తేరు మానసిక వైద్యశాలలో పోస్టింగు ఏ మూడో ఏడాదిలోనో వచ్చేదాకా ఆగకుండా, ఆ విభాగంవాళ్ళు మొదటి ఏడాది పిల్లలతోనే ఒక పూట మాట్లాడితే ఇందులో కొంత మారుతుంది. హెచ్ఐవీ విషయంలోనూ ఇంతే. కేస్ షీటు మీద ఎర్ర ఇంకుతో అందరికీ కనిపించేలా రాయడం 2017 నాటి హెచ్ఐవీ చట్టానికి విరుద్ధం, అయినా గుసగుసలతో పని జరిగిపోతుంది.

సీనియర్లదే తప్పని ముగించడం సులువు. వాళ్ళ బతుకు కూడా చూడాలి. జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్సు 2024లో పీజీలు వారానికి 74 గంటలకు మించి పనిచేయకూడదని సిఫార్సు చేసింది. 74 గంటలు అనేది తగ్గింపు కింద లెక్కకు వచ్చిందంటే అసలు సంగతి అర్థమవుతుంది. రోగి బంధువులు మీదికి వస్తారన్న భయం ఇంకొకటి. దాడుల నిరోధానికి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్యాచారం తర్వాత దేశమంతటితో పాటు ఇక్కడా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. రోగుల ముందే ప్రొఫెసరు చేత తిట్లు తిన్న పీజీ హౌస్ సర్జన్ని తిడతాడు, హౌస్ సర్జన్ అటెండెంటును కసురుతాడు. ర్యాగింగ్ మీద 2021లో ప్రత్యేక నిబంధనలొచ్చాయి. రౌండ్స్‌లో జరిగే అవమానానికి ర్యాగింగ్ అని పేరు లేదు కాబట్టి అది వాటి కిందికి రాదు. జూనియర్లతో మీరు ఎలా మాట్లాడతారని అడగకుండా రోగులతో ఎలా మాట్లాడాలో చెప్పడం దండగ శ్రమ.

ఉన్నవాటిలో ఆశ పెట్టుకోదగినది కుటుంబాల దత్తత. ఒక్కో విద్యార్థికి మూడు నుంచి ఐదు ఇళ్ళు, మొదటి ఏడాది నుంచీ అవే ఇళ్ళు. అక్కడ విద్యార్థి అతిథి. మంచం రోగిది, ఇల్లు రోగిది, కూర్చోమని అనాల్సింది వాళ్ళు. బీపీ మాత్ర ఎందుకు మానేశారో వంటింటి గట్టు మీద, రేషన్ సంచి పక్కన అర్థమవుతుంది. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఒక కాన్పు, ఒక చావు చూసే అవకాశముంది. కాలేజీ బస్సు నిండా విద్యార్థులను దింపి, ఫారాలు నింపించి, గ్రూప్ ఫొటో తీసి మధ్యాహ్నానికల్లా వెనక్కి తెచ్చేస్తే మాత్రం ఆ కుటుంబాలకు ఇంకో సర్వే అంతే. లాగ్ బుక్కులో సంతకం రెండింటికీ ఒకేలా పడుతుంది.

చివరికి అన్నీ పరీక్ష దగ్గరికి వస్తాయి. ఇప్పుడు యూనివర్సిటీ థియరీ పేపర్లలో నైతికత మీద ప్రశ్న వస్తోంది. ఒప్పుకోలులో ఉండాల్సిన అంశాలు వరసగా, అండర్‌లైన్లతో సహా రాసేస్తారు. కొన్ని రోజులకు ప్రాక్టికల్ పరీక్షలో అదే విద్యార్థి మంచం దగ్గరికి వెళ్ళి అడక్కుండా చొక్కా పైకెత్తుతాడు. ఎగ్జామినరు ప్లీహం ఎన్ని సెంటీమీటర్లని అడుగుతాడు, అతను చెబుతాడు, పాసవుతాడు. దీనికి కొత్త మాడ్యూలు అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. కేసు వినేముందు ఎగ్జామినరు "ఈయన పేరేమిటి, ఏ ఊరు, ఇంటి దగ్గర ఎవరున్నారు, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా" అని అడిగి, దానికి ఐదు మార్కులు పెడితే చాలు. ఒక్క ఏడాది అడిగి చూడొచ్చు. తర్వాతి బ్యాచ్‌కు హాస్టల్లో సీనియర్లే చెప్పి పంపిస్తారు: "స్టూలు వేసుకుని కూర్చుని పేరూ ఊరూ కనుక్కో, టిఫినయిందా అని అడుగు, ఈ ఎక్స్‌టర్నల్ అదే పట్టుకుంటున్నాడు."